తీగ కొస

హాస్టలు, మూడో అంతస్తు

మరదలు పిల్లకి,

ఇక్కడ చేరి నెల కావస్తోంది. గదిలో ఇద్దరం. పక్క మంచం ఆవిడ లెక్కల టీచరు, నిద్రలో కూడా ఎక్కాలు అప్పజెబుతుంది. కుళాయిలో వేడినీళ్ళు వస్తాయన్నారు. వస్తాయని ఇప్పటికీ అంటూనే ఉన్నారు.

మా పని నీకు తెలుసుగా. పిల్లలు ఇంట్లో చేసుకోదగ్గ కరెంటు ప్రయోగాల పుస్తకం తయారు చేయాలి. రాసిన ప్రతి ప్రయోగాన్నీ ఎవరో ఒక పిల్ల చేత చేయించి చూడాలట. తక్కిన టీచర్లంతా పిల్లల కోసం పక్క బడికి పరిగెడుతున్నారు. నాకా అవసరం లేదు. కన్న కూతురు ఉంది, పేరుకి తగ్గ పిడుగు. కాకపోతే నా దగ్గర లేదు, నీ దగ్గరుంది. మీ అన్న బస్సెక్కితే ఏ ఊళ్ళో దిగుతాడో ఆయనకే తెలియదు కాబట్టి చేయించే భారం నీదే.

మొదటిది దువ్వెన. ప్లాస్టిక్ దువ్వెనతో జుట్టుని గబగబా దువ్వి, చిన్న చిన్న కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరొచ్చి అంటుకుంటాయి. రాపిడి వల్ల దువ్వెన మీద విద్యుత్తు చేరుతుంది. చేరింది ఎటూ పారకుండా అక్కడే కూర్చుంటుంది. అలిగిన ఆడపడుచులాగా అనుకో. అందుకే దాన్ని స్థిర విద్యుత్తు అంటాం.

గోడకున్న ప్లగ్గు జోలికి మాత్రం దాన్ని పోనివ్వకు. మా ప్రయోగాలన్నీ దువ్వెనతోనూ టార్చి సెల్లుతోనూ మాత్రమే.

ఉత్తరం నువ్వే చదివి వినిపించు. నా గొలుసుకట్టు రాత దానికి కొరుకుడు పడదు. కొరకడమంటే గుర్తొచ్చింది, దారం పళ్ళతో కొరకడం మానెయ్. నిన్ను చూసి అదీ నేర్చింది. ఇంట్లో కత్తెర ఎందుకుంది?

నీ వదిన


ఇల్లు, మిషను పక్కన

వదినకు,

నీ దువ్వెన మొదటిరోజు మమ్మల్ని నవ్వులపాలు చేసింది. పిల్లకి అంతకుముందే తల నిండా నూనె పట్టించి ఉన్నాను. కాగితం ముక్కలు అంటుకున్నాయి గానీ అది కరెంటు కాదు, జిడ్డు. పొడి జుట్టు కావాలన్న ముక్క రాయొద్దూ? నీ పుస్తకంలో ముందు అది చేర్చు.

మర్నాడు తలంటి పోసి, బాగా ఆరాక దువ్వాం. అప్పుడు చూడాలి. కాగితాలు లేచి నిలబడ్డాయి. పిల్ల నోరు తెరిచి మూయలేదు. ఆ పైన మాకే ఒక బుద్ధి పుట్టింది. లైనింగు పీలికలకి నా దగ్గర కరువా? నైలాను ముక్క ఒకటి తీసుకుని దువ్వెనకి రుద్దితే జుట్టు కంటే అదే బాగా పనిచేసింది. తర్వాత కిటికీలు మూసి, ఇద్దరం దుప్పటి కింద దూరి ఆ గుడ్డని ఇంకో గుడ్డ మీంచి సర్రున లాగితే చిటపటమని సన్నటి మెరుపులు. ఇది నీ ఉత్తరంలో లేదు. మేమే కనిపెట్టాం.

"అత్తా, ఇంకోసారి" అని మధ్యాహ్నమంతా నన్ను మిషను తొక్కనిస్తే ఒట్టు. ఎదురింటి కండక్టరు భార్య ఇచ్చిన గౌను ఇంకా కత్తిరింపుల దగ్గరే ఉంది. ఆవిడ వస్తే నువ్వు జవాబు చెప్పాలి.

దారం సంగతా? కత్తెర వెతుక్కునే లోపు నేను నాలుగు కుట్లు వేస్తాను.

నీ మరదలు


హాస్టలు

మరదలికి,

పొడి జుట్టు సంగతి పుస్తకంలో చేర్చాను. నైలాను గుడ్డ కూడా చేర్చాను. మా పెద్దాయన, అంటే ఈ పని నడిపించే ముసలి ప్రొఫెసరు, అది చదివి "బాగుందమ్మా, మీకెలా తట్టింది?" అన్నాడు. మా ఇంట్లో వాళ్ళకి తట్టిందన్నాను.

"మేమే కనిపెట్టాం" అని రాశావే, అక్కడ కాసేపు ఆగాను. నిజం చెప్పొద్దూ, కుళ్ళు పుట్టింది. దుప్పటి కింద మెరుపులు చూస్తున్న నా కూతురి మొహం ఎలా ఉందో చూసింది నువ్వు. నేను ఎక్కాలు విన్నాను.

ఇప్పుడు బల్బు. టార్చి సెల్లు ఒకటి, టార్చి బల్బు ఒకటి, రెండు తీగ ముక్కలు. సెల్లులోంచి బయల్దేరిన కరెంటు బల్బులోంచి వెళ్ళి మళ్ళీ సెల్లు దగ్గరికి రావాలి. దారిలో ఎక్కడ తెగినా బల్బు వెలగదు. దాన్ని తెగగొట్టడానికీ కలపడానికీ పెట్టుకునేదే స్విచ్చి. స్విచ్చి తయారుచేయడం మాత్రం నేను సెలవుకి వచ్చినప్పుడు చేద్దామని దానితో చెప్పు. అది నాకోసం అట్టేపెట్టు.

ఇంకొకటి. అది నన్ను అడుగుతోందా? రాయి.

నీ వదిన


ఇల్లు

వదినకు,

బల్బు వెలిగింది. చెప్పుల డబ్బాకి కిటికీలు కోసి ఇల్లు చేశాం, ఇంటి నడిమధ్య బల్బు పెట్టాం. వీధిలో పిల్లలంతా వరసకట్టి వంగి వంగి చూసి వెళ్ళారు. ఇప్పుడు వాళ్ళు నన్ను కరెంటత్త అంటున్నారు. పాలకి వెళ్ళినా అదే పిలుపు. బాగానే ఉందిలే, ఇన్నాళ్ళూ మిషనామె అనేవాళ్ళు.

స్విచ్చి కూడా అయిపోయింది. ఏం చేయమంటావు, పిల్ల ఆగదు. తీగ పట్టుకుని కూర్చోలేక నేనే గౌన్లకి కుట్టే టిచ్‌బటను తీసి రెండు తీగల మధ్య పెట్టాను. టక్కున నొక్కితే వెలుగుతుంది, ఊడదీస్తే ఆరిపోతుంది. నీకోసం అట్టేపెట్టమన్నావు, నాకు గుర్తుంది. అప్పటికే నొక్కేసింది.

పక్కింటి నర్సు చూసి, "మేనత్త పోలికండీ, ఆ వేళ్ళు చూడండి, అచ్చం మీవే" అంది. పిల్ల వేళ్ళ వంక చూసుకుని నా వేళ్ళ పక్కన పెట్టి కొలుచుకుంది. ఆ పూటంతా నాకు నవ్వు ఆగలేదు.

నువ్వేదో అడిగావు. పిల్లకేం, బ్రహ్మాండంగా ఉంది. వేళకి తింటోంది, వేళకి పడుకుంటోంది.

నీ మరదలు


హాస్టలు

ఆడపడుచు గారికి,

అడిగిన దానికి తప్ప అన్నిటికీ జవాబు రాశావు. సంతోషం.

నాకు సెలవు దొరకలేదు. దొరికినా చేయడానికి ఏం మిగిల్చావు గనక. వేళ్ళు నీవంటున్నారు, స్విచ్చి నీదే, పిల్ల పిలిచేదీ నిన్నే. ఆడబిడ్డ అర్ధమొగుడని ఎందుకన్నారో అనుకునేదాన్ని. అర్ధతల్లి కూడా అవుతుందని ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ బడులు తెరిచేలోపు నాకు క్వార్టర్సు ఇస్తారు. రెండు గదులు, వంటగది. పని ఇంకా ఏడాదికి పైగా ఉంటుంది కాబట్టి పిల్లని తీసుకొచ్చి ఇక్కడి బడిలో వేద్దామనుకుంటున్నాను. మీ అన్నకి కూడా రాశాను. దాని బట్టలు ఏవి పొట్టయ్యాయో చూసి ఉంచు.

పార్సిలులో రాగి తీగ చుట్ట, పెద్ద మేకు పెట్టాను. తీగని మేకు మీద పక్కపక్కనే ఒత్తుగా చుట్టి, రెండు కొసలూ సెల్లుకి రెండు వైపులా ఆనించాలి. ఆనించినంతసేపూ మేకు అయస్కాంతమై గుండుసూదుల్ని లాగుతుంది. ఎక్కువసేపు ఉంచితే తీగ వేడెక్కుతుంది, వెంటనే తీసేయాలి. అంతే.

ఎలా జరిగిందో రాయి.

పిడుగు తల్లి


ఇల్లు

టీచరమ్మ గారికి,

పార్సిలు అందింది. తీగ చుట్టాం, కొసలు ఆనించాం, మేకు గుండుసూదుల్ని పట్టుకుంది. దుకాణం సర్దే వేళ నేల మీద రాలిన సూదులన్నీ ఇప్పుడు దానితోనే ఏరుతున్నాం. నాకు నడుం వంచే పని తప్పింది. కృతజ్ఞతలు.

పిల్లని తీసుకుపోతానన్నారు. మీ పిల్ల, మీ ఇష్టం. నేనెవర్ని కాదనడానికి? మీరు వెళ్ళిన కొత్తలో జ్వరం వచ్చి పక్కమీద మూలుగుతుంటే తడిగుడ్డ వేసింది నేనని, బడిలో పేరు పిలిస్తే చెయ్యెత్తడానికి బిడియపడుతుంటే వారం రోజులు గేటు దగ్గర నిలబడింది నేనని లెక్క చెప్పుకోవడానికి నేనేమన్నా తల్లినా?

బట్టలు చూశాను. గౌన్లు రెండు పొట్టయ్యాయి. అంచులు విప్పి పొడుగు చేస్తున్నాను. ఎక్కడికి వెళ్ళినా ఆ కుట్టు మాత్రం నాదే ఉంటుంది.

మీ ఆడపడుచు


హాస్టలు

ఆడపడుచుకి,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేకు సూదుల్ని పట్టిందా? ఎలా పట్టింది?

నేను పంపిన తీగ పైకి రాగిలా కనిపిస్తుంది గానీ దాని ఒంటి నిండా సన్నటి పూత ఉంటుంది, వార్నీషులాంటిది. చుట్లు ఒకదానికొకటి తగిలినా కరెంటు అడ్డదారి పట్టకుండా ఆ పూత ఆపుతుంది. కొసల మీద కూడా అదే పూత ఉంటుంది. కొసలు గీకి, లోపలి రాగి బయటపడేలా చేస్తే తప్ప సెల్లులోని కరెంటు తీగలోకి ఎక్కనే ఎక్కదు. కొసలు గీకాలని నేను కావాలనే రాయలేదు.

అవును, కావాలనే. ఒక్కటైనా నీ చేతిలో ఆగిపోవాలనుకున్నాను. మీ అమ్మ వస్తే గానీ ఇది కాదే అని ఒక్కసారి నీ నోటితో నువ్వు దానికి చెప్పాలనుకున్నాను. నువ్వు ఆ మాట చెప్పకపోగా పనిచేసిందని నాకు అబద్ధం రాశావు. పాత రేడియోలోని అయస్కాంతం తెచ్చి మేకుకి రుద్ది పిల్లకి చూపించావా? ప్రయోగంలో దొంగతనం చేస్తే పిల్ల ఏం నేర్చుకుంటుంది? నాతో పోటీకి నా కూతుర్నే మోసం చేస్తావా?

నువ్వు అబద్ధమాడావని నాకు తెలుసు. నాకెలా తెలుసో చెప్పుకోడానికి సిగ్గేస్తోంది గానీ చెప్పేశాను.

ఈ ఉత్తరం నీకు మాత్రమే. పిల్లకి చదివి వినిపించకు.


ఇల్లు, మిషను మూసి

వదినా,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎవరూ అడక్కుండానే అంతా చెప్పేశావు. ఇంతకీ దొంగతనం నీదే తేలింది, నాది కాదు.

మేకు సూదుల్ని పట్టింది. ఎలా పట్టిందో మాకూ తెలియదు, నీ ఉత్తరం వచ్చాకే తెలిసింది. తీగ చుట్టడం అయ్యాక కొసలు మెలికలు తిరిగి ఉన్నాయి. సూదిలోకి ఎక్కించే ముందు దారం కొసని పళ్ళ మధ్య పెట్టి సర్రున లాగి సాపు చేస్తాం చూడు, నీ కూతురు తీగకి అదే చేసింది. "ఛీ, అది దారం కాదే" అని నేను లేచే లోపు రెండు కొసలూ అయిపోయాయి. ఎర్రటి పొట్టులాంటిది ఉమ్మేసింది. నోరు పుక్కిలింపించాను, కంగారుపడకు. ఆ పొట్టే నీ పూత కాబోలు. మేకు ఒకసారి పట్టింది, ఒకసారి వదిలేసింది, కొస అటు తిప్పి ఇటు తిప్పి పెడితే మళ్ళీ పట్టింది. పట్టుకున్న వేలు చురుక్కుమంటే చప్పున తీసేసింది. కరెంటు ఎక్కని తీగ వేడెక్కుతుందా, నువ్వే చెప్పు. నేను తెలివైనదాన్నని కాదు. నువ్వు మానెయ్యమన్న పాడు అలవాటు నీ గుట్టు బయటపెట్టింది, అంతే.

నాకు ఎంత కోపం వచ్చిందో రాయలేను. ఒక బిడ్డ చేతికి పని ఇచ్చి, అది జరక్కూడదని కోరుకున్నావు. నన్ను ఓడించడానికి దాని మొహం చిన్నబోయినా ఫర్వాలేదనుకున్నావు.

కానీ నేనూ ఏమంత సత్తెకాలపుదాన్ని కాదు. నువ్వు అడిగింది రెండుసార్లు దాటేశాను. అది నిన్ను అడుగుతోంది వదినా. కాగితం ఎగిరినా, బల్బు వెలిగినా, మొదట గంతేస్తుంది, తర్వాత "అమ్మకి చూపిద్దాం" అంటుంది. ఆ డబ్బా ఇంటిని నన్ను ముట్టుకోనివ్వదు. నువ్వొచ్చేలోపు సెల్లు అయిపోతుందని టిచ్‌బటను ఊడదీసి దాచింది. గుడ్డలు పక్కన పడేసి చేయించేది నేను, చప్పట్లు నీకు. అది రాద్దామంటే చెయ్యి రాలేదు. కుళ్ళు నీ ఒక్కదాని సొత్తు కాదు.

ఇంకో మాట. చదవొద్దన్న ముక్క ఉత్తరం చివర రాస్తారా ఎవరైనా? బడిలో పాఠాలు చెప్పేదానివి. నీ కవరు చూడగానే అది వచ్చి ఒళ్ళో కూర్చుంది. ఎప్పట్లాగే పైకే చదవడం మొదలుపెట్టాను. కొసలు గీకాలని కావాలనే రాయలేదు అన్నంతవరకూ వచ్చి నోరు ఆగిపోయింది. అప్పటికే వినేసింది. "అమ్మ కావాలనే ఎందుకు రాయలేదత్తా?" అంది.

ఉన్నమాట చెబితే చాలు. వదినా, ఆ ఒక్క క్షణం పిల్ల నా చేతుల్లో ఉంది. నీ క్వార్టర్సూ నీ రెండు గదులూ ఎక్కడివక్కడ ఉండిపోయేవి. చెబుదామనే నోరు తెరిచాను.

ఏం చెప్పానో నేను రాయను. దాన్నే రాయమన్నాను. ఇందులోనే పెడుతున్నాను.

నీ మరదలు


మన ఇల్లు

అమ్మకి,

ఇది నేనే రాస్తున్నాను. అత్త చూడట్లేదు.

తీగ మీద పూత ఉంటుందని నాకు ముందే తెలిసిపోయింది, నోట్లో చేదుగా తగిలింది. ఇప్పుడు పళ్ళతో చేయట్లేదు, అత్త పాత బ్లేడు పట్టుకుని గీకింది, నేను పక్కన నిలబడ్డాను. గీకితే మేకు అస్సలు వదలట్లేదు. నీ ఉత్తరం అత్త చదివింది. నువ్వు కొసల సంగతి కావాలనే రాయలేదట కదా. అత్త చెప్పింది, మీ అమ్మ అందరి పిల్లలకీ పుస్తకంలో రాస్తుంది, నీకు మాత్రం రాయలేదు, ఎందుకంటే నువ్వు సొంతంగా కనిపెడతావని మీ అమ్మకి నమ్మకం అని. నేను కనిపెట్టేశాను అమ్మా.

అది చెప్పి అత్త లోపలికి వెళ్ళి మొహం కడుక్కుంది. ఎందుకో చెప్పలేదు.

ఇల్లు వెలిగించట్లేదు, నువ్వొచ్చాక వెలిగిస్తాను. క్వార్టర్సులో అత్త మిషను పడుతుందా? కొలిచి రాయి. మిషను పొడుగు నా చేత్తో ఆరు జానలు.

నీ పిడుగు


హాస్టలు

(ఇది నీకు మాత్రమే. పిల్లకి చదవొద్దు. చూశావుగా, ఈసారి పైనే రాశాను.)

మరదలా,

పిల్ల ఉత్తరం చదివి మంచం మీద కూలబడితే లెక్కల టీచరు ఎవరైనా పోయారా అని అడిగింది. ఏం చెప్పను? తేలు కుట్టిన దొంగకి మాటలు రావు.

క్వార్టర్సు అన్నది నీ మీద కోపంతో అన్న మాట. ఇక్కడ నేను పొద్దున పోతే చీకటిపడ్డాకే గది చేరతాను. పిల్ల మెడలో తాళంచెవి వేసుకుని మెట్ల మీద కూర్చోవాలి. ఈ ఏడు బడి అక్కడే. మీ అన్నకి రాశాను. గౌన్ల అంచులు నువ్వు విప్పినంత మటుకు విప్పి ఉంచు, ఎలాగూ పొడుగవుతోంది. నాకు సెలవు ఇచ్చారు, వచ్చే వారం వస్తున్నాను. వచ్చాక ఆ డబ్బా ఇల్లు వెలిగిస్తాం, ముగ్గురం. టిచ్‌బటను నేను నొక్కుతాను. అది మాత్రం ఇవ్వు.

ఒకటి మాత్రం చెప్పాలి. నా కుళ్ళు పోయిందనుకోకు. ఇంకా ఎక్కువైంది. వేళ్ళు నీవి, కుట్టు నీది అంటే సర్దుకున్నాను. కానీ ఆ క్షణంలో నీ స్థానంలో నేనుంటే నోరు తెరిచి ఉన్నదున్నట్టు చెప్పేసి ఉండేదాన్ని. నువ్వు చెప్పలేదు. నా మాటనే తీసుకుని నన్ను దానికి మంచి తల్లిని చేసి ఇచ్చావు. కావాలనే. అలా చేయగలగడం ఉంది చూడు, అన్నిటికంటే దానికే నాకు ఎక్కువ కుళ్ళుగా ఉంది.

పిల్లకి ఇంకో తీగ చుట్ట పంపుతున్నాను, మొదటి దానికంటే పొడుగైనది. కొసలు గీకలేదు. ఏం చేయాలో కూడా రాయలేదు.

ఈసారి నువ్వు దానికి చెప్పింది నిజం.

నీ వదిన